దగ్గు లేని జబ్బు

మా మామయ్య దగ్గును మేమందరం మిరపకాయల మీదికి తోసేశాం. అది కోతల కాలం. కల్లంలో ఎండబోసిన కాయలు, పొద్దుగూకేదాకా తాలుకాయలు ఏరే కూలీలు, గాలి ఎటు వీస్తే అటు ఘాటు. చండ్రుగొండ చుట్టుపక్కల ఊళ్లలో ఆ రోజుల్లో దగ్గని మనిషి ఉండడు. బస్సులో దగ్గుతారు, చర్చిలో పాటకూ పాటకూ మధ్య దగ్గుతారు. అంత దగ్గులో ఒక పెద్దాయన దగ్గు విడిగా ఎవరికి వినపడుతుంది? పైగా ఆయనకు బీడీ అలవాటు.

కాయ మార్కెట్‌కు పోయింది. కల్లం ఊడ్చేశాం. కూలీల దగ్గు తగ్గింది, మా దగ్గు తగ్గింది, ఆయనది తగ్గలేదు. చొక్కా భుజాల మీద వదులైంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, తెల్లారేసరికి చెమటతో పక్క తడిసేది. ఊళ్లో ఆశా కార్యకర్త ఒకరోజు మంచినీళ్లకని ఆగి, ఆయన దగ్గు విని, ఏమీ అడగకుండా సంచిలోంచి చిన్న డబ్బా తీసి ఇచ్చింది. పొద్దున్నే లేవగానే తెమడ అందులో పట్టి ఇవ్వమంది. అలా తెలిసింది, అది టీబీ అని.

నేను వ్యవసాయ శాఖలో విస్తరణ అధికారిని. ఏఈఓ అంటే మా దగ్గర అందరికీ అర్థమవుతుంది. టేకులపల్లి వైపు అడవి అంచు ఊళ్లు నావి. పొద్దున్నే స్కూటీ మీద బయల్దేరితే టేకు చెట్ల మధ్య దారి, అక్కడక్కడ పత్తి, మిరప, వరి. పంటకు తెగులు తగిలాక పరిగెత్తడం కన్నా తగలకముందే కాచుకోవడం మేలని చెప్పడం నా పనిలో సగం. విత్తనం వేసేముందు మందు పట్టించమంటే రైతులు నవ్వుతారు. మంచి విత్తనానికి మందెందుకు మేడం అంటారు. మొక్క మొలిచేదాకా కనపడకుండా విత్తనంలోనే నిద్రపోయే తెగుళ్లు ఉంటాయని చెబుతాను. కొందరు నమ్ముతారు, కొందరు నా మాట కొట్టెయ్యలేక తలూపుతారు.

అందుకే కాబోలు, మా ఇంట్లో టీబీ బయటపడగానే నాకు భయంతోపాటు ఇంకొకటి కూడా మొదలైంది. అదెట్లా వస్తుంది, ఎక్కడ దాక్కుంటుంది, ఎవరిని పట్టుకుంటుంది, ఎవరిని వదిలేస్తుంది అని తెలుసుకోవాలనిపించింది.

అత్తమ్మకు అలాంటి ప్రశ్నలు లేవు. ఆమెకు జవాబు ముందే తెలుసు. చిన్నప్పుడు వాళ్ల వీధిలో ఒక ఇల్లు ఈ జబ్బుతోనే ఖాళీ అయిపోవడం ఆమె చూసింది. ఆ సాయంత్రమే మామయ్య కంచం, గ్లాసు, చెంబు వేరుచేసింది. మంచం తీసి వరండా చివర వేయించింది. ఆయన తిన్న కంచం బూడిదతో విడిగా తోమేది. ఎవరైనా అడిగితే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని చెప్పేది. ఆయన రోజంతా వరండాలో కూర్చుని రోడ్డు మీద పోయే ట్రాక్టర్లను చూసేవాడు.

పీహెచ్‌సీలో డాక్టరమ్మది సత్తుపల్లి వైపు. మాట మెత్తగా, కొంచెం ఆంధ్రా పోకడలో ఉండేది. మొదటిసారి మందులు తీసుకోవడానికి మామయ్యతో పాటు వెళ్లినప్పుడు కంచాల సంగతి అడిగాను. ఆవిడ నవ్వలేదు. "కంచాలతో రాదండీ ఇది. గాలితో వస్తుంది. మూసేసిన గదిలో దగ్గితే ఆ గాలిలో చాలాసేపు తేలుతూ ఉంటుంది. కంచం కడిగే ఓపిక కిటికీ తెరవడానికి పెట్టండి" అంది.

ఇంటికొచ్చి కిటికీలు చూశాను. మాకు మూడు గదులు. పడకగది కిటికీలు రెండింటికీ ప్లాస్టిక్ పట్టాలు బిగించి ఉన్నాయి. మలేరియా వాళ్లు ఏటా వచ్చి, పొద్దుగూకగానే తలుపులు, కిటికీలు వేసుకోండి, దోమతెరలు కట్టుకోండి అని చెప్పిపోతారు. మాది అడవి అంచు, జ్వరాల ఊరు, వాళ్లు చెప్పేదీ నిజమే. ఒక జబ్బు కోసం మూయాలి, ఇంకో జబ్బు కోసం తెరవాలి. ఈ రెండు సలహాలూ ఒకే దవాఖానా నుంచి వచ్చాయి కాబట్టి ఈ చిక్కును మళ్లీ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్లాను. ఆవిడ, దోమ దూరని జాలీ కొట్టించండి, రెండూ తీరతాయి అంది.

అత్తమ్మ కొడుకు, మా ఆయన, కరెంటు లైన్‌మన్. చేతిలో పని ఉన్న మనిషి. ఆదివారం మధ్యాహ్నం పట్టాలు పీకేసి, రెండు కిటికీలకూ సన్న జాలీ బిగించాడు. ఆ ముందు రోజు నేను ఒక పని చేశాను. మూసి ఉన్న గదిలో దోమల చుట్ట వెలిగించి, కాసేపటికి ఆర్పేసి, పొగ పోవడానికి ఎంతసేపు పడుతుందో గుమ్మంలో నిలబడి చూశాను. పోనే లేదు. పైకప్పు కింద తెల్లగా పట్టుకుని అలాగే నిలిచింది. జాలీ బిగించాక, ఎదురుగా ఉన్న రెండు కిటికీలూ తెరిచి మళ్లీ అదే చేశాను. మంచం మీద దుప్పటి సర్ది తలెత్తేసరికి గది ఖాళీ. మా ఆయన సుత్తి చేత్తో పట్టుకుని నన్ను చూసి, "ఇంట్ల గూడ నీకు ట్రయల్ ప్లాటే గావాల్నా?" అన్నాడు. నేను అతన్ని కూడా పిలిచి మూడోసారి చేసి చూపించాను. ఆ పొగలాగే దగ్గు కూడా గదిలో నిలబడుతుందని చూశాక, తర్వాత అతనే వంటింటికి కూడా ఒక ఫ్యాన్ పెట్టాడు.

మామయ్య మందు మొదలై నెల దాటింది. జ్వరం పోయింది, తిండి పెరిగింది. అప్పుడు డాక్టరమ్మ మమ్మల్నందరినీ రమ్మంది. ఇంట్లో టీబీ ఉంటే మిగతా అందరికీ పరీక్ష చేయాలి, అవసరమైనవాళ్లకు జబ్బు లేకపోయినా ముందుగా మాత్రలు ఇస్తారట. మా ఆయన ఒప్పుకోలేదు. రోగం లేనోళ్లకు మందేంది అన్నాడు. అచ్చం నా రైతుల మాట. నాకు నవ్వొచ్చింది.

డాక్టరమ్మ చెప్పింది వినడానికి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. మన దేశంలో ఎంతోమంది ఒంట్లో ఈ క్రిమి ఉంటుందట. ఏమీ చేయదు, నిద్రపోతుంది. చాలామందిలో జీవితాంతం లేవదు. తిండి తగ్గినప్పుడు, షుగర్ వచ్చినప్పుడు, పొగ తాగడం వల్ల, ముసలితనం వల్ల ఒళ్లు బలహీనపడితే లేస్తుంది. నిద్రలో ఉండగానే దాన్ని తీసేస్తే జబ్బే రాదు. ఇంతకుముందు ఈ నివారణ మందు నెలల తరబడి రోజూ వేసుకోవాల్సి వచ్చేదట. మనుషులు మధ్యలో వదిలేసేవారు. పరిశోధనలు చేసి చేసి, రెండు మందులు కలిపితే వారానికి ఒకసారి, కొన్ని వారాలు చాలని తేల్చారట. అయితే మాత్ర ఇచ్చేముందు జబ్బు లేదని ఖాయం చేసుకోవాలి. లేచి కూర్చున్న క్రిమికి నిద్రపోయే క్రిమి మందు ఇవ్వకూడదు. అందుకే ముందు ఎక్స్‌రే.

ఎక్స్‌రేకి కొత్తగూడెం పోనక్కర్లేకపోయింది. ఆ వారమే పంచాయతీ ఆఫీసు దగ్గర క్యాంపు పెట్టారు. యంత్రాన్ని చూసి ఆశ్చర్యపోయాను. పెళ్లిలో ఫోటోలు తీసే కెమెరా కన్నా కాస్త పెద్దది, అంతే. ఒకతను చేత్తో పట్టుకుని నొక్కుతున్నాడు, ఎదురుగా లాప్‌టాప్‌లో పక్కటెముకలు కనపడుతున్నాయి. పడిన బొమ్మను కంప్యూటరే చదివి, అనుమానం ఉన్న చోట రంగు పూస్తుందట. చివరి మాట మాత్రం డాక్టరుదే.

అత్తమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. గొలుసు తీసెయ్యమంటే తీసి నా చేతిలో పెట్టింది. ఊపిరి బిగబట్టమంటే, "నవ్వాల్నా అయ్యా?" అని అడిగింది. వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఎక్స్‌రే తీసే అతనూ నవ్వాడు. బొమ్మ పడగానే నవ్వు ఆపాడు. నేను లాప్‌టాప్ వైపే ఉన్నాను కాబట్టి చూశాను. కుడివైపు పైన, మెడ ఎముక కింద, పసుపూ ఎరుపూ కలిసిన ఒక మచ్చ.

అతను, అమ్మా, మీరు కొంచెం పక్కన కూర్చోండి అని మాత్రం అన్నాడు. తర్వాత మా ఆయన, నేను నిలబడ్డాం. మా బొమ్మల్లో రంగు లేదు. నిద్రపోయే క్రిమి ఉందో లేదో చూడటానికి మాకిద్దరికీ ముంజేతి మీద సన్న సూది ఒకటి వేసి, రెండు రోజుల తర్వాత వచ్చి చూపించమన్నారు.

అత్తమ్మను తెమడ ఇవ్వమన్నారు. ఆమెకు దగ్గే లేదు. "లేని దగ్గు యాడ్నించి తేను?" అంది. మర్నాడు పొద్దున్నే వేడినీళ్ల ఆవిరి పట్టించి, లోతుగా ఊపిరి పీల్చి వదలమని చెప్పి, ఎలాగో కాస్త పట్టాం. నాకు లోపల, ఆ రంగు పాత నెమ్ము తాలూకు గుర్తయి ఉంటుందనే అనిపించింది. ఆమె పొద్దున ఐదింటికి లేచే మనిషి. బర్రె పని, వంట, కల్లం, అన్నీ ఆమే. జ్వరం లేదు, దగ్గు లేదు, పడుకున్న పూట లేదు.

టీబీనే అని వచ్చింది.

డాక్టరమ్మకు ఇది కొత్తగా లేదు. దేశమంతా ఇల్లిల్లూ తిరిగి ఎక్స్‌రేలు తీసి చూసిన సర్వేల్లో, జబ్బు ఉండి కూడా ఏ లక్షణమూ లేనివాళ్లు చాలామందే బయటపడ్డారని చెప్పింది. దగ్గు వచ్చిన వాళ్లనే వెతికితే వీళ్లు దొరకరు. వీళ్లు అందరిలా పని చేసుకుంటూ తిరుగుతారు. ఆ మాట వింటున్నప్పుడు అత్తమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తోంది. బరువు చూడమన్నారు. కాంటా ఎక్కింది. డాక్టరమ్మ అంకె చదివి రాసుకుంది. మా ఆయన బయటికొచ్చి, బండి దగ్గర నాతో, "నేను ఒక్కన్నే భుజానికెత్తే మిర్చి బస్తా అంతకన్న బరువుంటది" అన్నాడు.

ఆ సాయంత్రం అత్తమ్మ తన కంచం తానే వేరుగా పెట్టుకుంది. నవారు మంచం ఒకటి ఈడ్చుకొచ్చి వరండా రెండో చివర వేసుకుంది. నేను వద్దన్నాను. మా ఆయన వద్దన్నాడు. వినలేదు. కంచాలతో రాదని మళ్లీ చెప్పబోతే, నాకు చెప్పకు అన్నట్టు చెయ్యి ఎత్తింది. మామయ్య అటు చివర మంచం మీంచి ఇదంతా చూస్తున్నాడు. అప్పటికి ఆయన ఇంట్లోకి వచ్చి అందరితో కలిసి ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పి చాలా రోజులైంది, ఆయనే రాలేదు. లేచి, తన మంచం భుజానికెత్తుకుని తెచ్చి ఆమె మంచం పక్కన వేశాడు. కూర్చుని అన్నాడు.

"ఇద్దరం ఒకటే మందు మింగుతున్నం. ఒక్కకాడ కూసోని మింగుదాం."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో, దగ్గుతానేమోనని అడ్డం పెట్టుకుందో నేను అడగలేదు.

ఆమెను తొలిచింది మాత్రం జబ్బు కాదు. తర్వాతిసారి పీహెచ్‌సీకి వెళ్లినప్పుడు డాక్టరమ్మను సూటిగా అడిగింది: "నేనే ఆయనకు అంటించిన్నా?"

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. మీ నుంచి ఆయనకు వచ్చి ఉండొచ్చు, ఆయన నుంచి మీకు వచ్చి ఉండొచ్చు, ఇద్దరికీ ఎక్కడో బయటి నుంచి వచ్చి ఉండొచ్చు, ఎవరికి ముందొచ్చిందో నేనిప్పుడు చెప్పలేను, ఎవరూ తెలిసి చేసింది కాదు అంది. అత్తమ్మ తలూపింది కానీ ముఖం తేరుకోలేదు.

ఆమెను బయట కూర్చోబెట్టి నేను మళ్లీ లోపలికి వెళ్లాను. నాకూ తెలుసుకోవాలని ఉంది. ఫోన్‌లో ఇంగ్లీషు వ్యాసాలు సగం అర్థమై, సగం కాక చదువుతున్న రోజులవి. క్రిమి జన్యువుల్ని పోల్చి చూసి ఎవరి క్రిమి ఎక్కడిదో చెబుతారని ఒకచోట చదివాను. మా దగ్గర మిరప తెగుళ్లకు కూడా అలా చేస్తారు. అదే అడిగాను.

"చేస్తారండీ, పెద్ద ల్యాబుల్లో. ఇద్దరిలో ఉన్నది ఒకే క్రిమి అని తేలొచ్చు. ఎవరి నుంచి ఎవరికన్నది అప్పుడు కూడా ఖాయంగా చెప్పడం కష్టం. సరే, తేలిందనుకోండి. ఆ జవాబుతో మీ అత్తగారు ఏం చేసుకుంటారు?"

ఆవిడే మళ్లీ, మీరు అడిగింది మంచి ప్రశ్నే, కాకపోతే దాని జవాబు ఊరికి పనికొస్తుంది, ఈ ఇంటికి పనికిరాదు అంది. ఒకే రకం క్రిమి ఏయే ఊళ్లలో తిరుగుతోందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుందట. స్కూటీ మీద అడవి దారిలో పోతూ ఈ మాట చాలా రోజులు నెమరేసుకున్నాను.

ఇక మా చేతుల సంగతి. రెండు రోజుల తర్వాత చూపిస్తే, నా ముంజేయి రూపాయి బిళ్లంత మేర గట్టిగా వాచింది. మా ఆయనది ఉన్నది ఉన్నట్టే నున్నగా ఉంది. అంటే నా ఒంట్లో క్రిమి ఉంది, నిద్రపోతోంది. అతని ఒంట్లో దాని జాడ లేదు. మందు నాకొద్దని గొడవ చేసిన మనిషికి మందు అక్కర్లేదు, వినడానికి కుర్చీ జరుపుకున్న నాకు కావాలి. అతను కాస్త చిన్నబోయినట్టు, మందు వద్దన్నందుకు నిజంగానే లేకుండా చేసిండ్రా ఏంది అన్నాడు.

నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. ఆ తల్లిదండ్రుల కడుపున పుట్టి, వాళ్ల పక్కన పడుకుని పెరిగిన మనిషికి ఏమీ లేదు. బయటి నుంచి వచ్చిన నాకు ఉంది. ఎందుకు? డాక్టరమ్మ నిజాయితీగా తెలియదంది. ఎంత దగ్గరగా మెలిగినా ఈ క్రిమి అంటని మనుషులు కొందరు ఉంటారట. వాళ్ల ఒంట్లో ఏముందో పరిశోధకులు వెతుకుతూనే ఉన్నారట. అది దొరికితే పెద్దవాళ్లకూ పనిచేసే మంచి టీకా తయారు చేయడానికి దారి దొరకొచ్చు. ఆ రోజు నుంచి నేను మా ఆయన భుజాలవైపు, ఛాతీవైపు అప్పుడప్పుడు అదోలా చూసేదాన్ని. ఏంది చూస్తున్నవ్ అంటే ఏం లేదనేదాన్ని.

నా క్రిమి అత్తమ్మది కావచ్చు, మామయ్యది కావచ్చు. అదీ కాకపోవచ్చు. ఎందుకంటే నాకు మా నాయనమ్మ గుర్తుకొచ్చింది.

మా పుట్టిల్లు బోనకల్. స్టేషన్‌కు దగ్గర. నాకు ఐదారేళ్లప్పుడు నాయనమ్మ మంచం బర్రెల కొట్టంలో ఉండేది. ఎందుకని అడిగితే ఆమెకు అక్కడే చల్లగా ఉంటుందనేవారు. దగ్గరికి పోవద్దనేవారు. నేను పోయేదాన్ని. ఆమె వేయించిన చింతగింజలు దిండు కింద దాచి ఇచ్చేది. గూడ్సు బండి పోతుంటే పెట్టెలు లెక్కపెట్టడం ఆమే నేర్పింది. మధ్యలో దగ్గు వస్తే లెక్క తప్పేది, మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. ఒక వానాకాలం ఆమె పోయింది.

మా అమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటుంది. ఫోన్ చేసి, నాయనమ్మకు వచ్చిన జబ్బేమిటని అడిగాను. అటువైపు టీవీ చప్పుడు ఆగిపోయింది. తర్వాత అమ్మ గొంతు తగ్గించి అంది: "క్షయేనే. నీ పెండ్లి సంబంధాలకు అడ్డమొస్తదని ఎవరికీ చెప్పలేదు. తర్వాత చెప్పే పని పడలేదు."

దిండు కింద చింతగింజల కోసం పోయిన పిల్లలో చేరిన క్రిమి ముప్పై ఏళ్లుగా కళ్లు మూసుకుని పడుకుని ఉందేమో. చదువు, ఉద్యోగం, పెళ్లి, బదిలీలు, అన్నిటికీ నాతోపాటు వచ్చిందేమో. నాకు భయం వేయలేదు. ఆమెదేదో ఒకటి నా దగ్గర మిగిలిందనిపించింది, అదీ ఇలాంటిది. ఆ వారమే మాత్రలు మొదలుపెట్టాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, మాత్రలన్నీ ఒక్కసారే వేసుకునేదాన్ని. సాయంత్రానికి ఒంటేలు నారింజ రంగులోకి మారేది. మామయ్య మందు చూసి ఉన్నాం కాబట్టి కంగారు పడలేదు. ఒకసారి ఉల్లిపాయలు కోస్తూ కళ్లు తుడుచుకుంటే తెల్ల రుమాలు మీద లేత నారింజ మరక పడింది. కన్నీళ్లకు కూడా రంగు వచ్చిందన్నమాట. ఆ రుమాలు మా ఆయనకు చూపించాను, అత్తమ్మకు చూపించాను, ఆఫీసులో కూడా చూపించబోయి ఆగిపోయాను. అప్పటికి ఇంట్లో జబ్బు సంగతి బయట ఎవరికీ చెప్పలేదు.

మిగిలింది తిండి. టీబీ ఉన్న ఇళ్లకు బియ్యం, పప్పులు లాంటివి ఇచ్చి చూసిన పరిశోధన ఒకటి మన దేశంలోనే, మా ఊళ్లలాంటి ఊళ్లలోనే జరిగిందని డాక్టరమ్మ చెప్పింది. తిండి బాగా అందిన ఇళ్లలో మిగతావాళ్లకు జబ్బు రావడం బాగా తగ్గిందట. ఆ మాట విన్నాక ఇంటి కంచాల వైపు చూశాను. నేను పొద్దున్నే అత్తమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా తీసుకుని పోయేదాన్ని. రాత్రి ఆమే అందరికీ వడ్డించేది. ఆమె తినేటప్పుడు ఎవరమూ అక్కడ ఉండం. చూస్తే తెలిసింది, కూర గిన్నె మా దగ్గరే అయిపోతుంది. ఆమె అన్నంలో పచ్చిపులుసు పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుని లేస్తుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆ రోజు అదీ లేదు. పేదరికం కాదు. అలవాటు. మా ఇంట్లో గుడ్లున్నాయి, పల్లీలున్నాయి, పెసలున్నాయి. అవి ఆమె కంచం దాకా రావడం లేదు.

కలిసి తిందామని కూర్చోబెడితే ఉప్పుకని లేచేది, నీళ్లకని లేచేది. చివరికి మామయ్యే గిన్నెలన్నీ తెచ్చి చాప నడుమ పెట్టాడు. ఎవరికి కావాల్సింది వాళ్లే వడ్డించుకోవాలని, గుడ్డు మాత్రం ముందు ఆమెకే పడాలని చెప్పాడు. ఇన్నేళ్లలో ఆయన వంటింటి విషయంలో మాట్లాడటం అదే మొదలు. బీడీలు కూడా ఆ నెలలోనే మానేశాడు, ఎవరితోనూ చెప్పకుండా. జేబులో పల్లీలు పోసుకుని తిరిగేవాడు.

శుక్రవారం ఉపవాసం ఆమె మానదని మాకు తెలుసు. ఆమే పాస్టర్ గారి దగ్గరికి వెళ్లి అడిగింది. మందు మింగే మనిషి అన్నం మానక్కర్లేదు, ఇష్టమైనది ఇంకేదైనా మానుకోమన్నాడట. ఆమె సీరియళ్లు మానేసింది. శుక్రవారం సాయంత్రం టీవీ ఆఫ్ చేసి, పళ్లెం నిండా అన్నం పెట్టుకుని, ఇదే ఎక్కువ కష్టమని చెప్పేది. శనివారం పొద్దున్నే నన్ను ఆపి, నిన్న ఏమైందో ఫోన్‌లో చూసి చెప్పమనేది.

మామయ్య మందు వానాకాలం చివర అయిపోయింది. ఆమెది చలి మొదలయ్యాక. ఆఖరి పరీక్షలో ఇద్దరికీ క్రిమి లేదని వచ్చింది. ఆమె ఎక్స్‌రేలో రంగు మచ్చ ఉన్నచోట సన్నని గీత మిగిలింది. అది మానిన గాయం గుర్తని, అలాగే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంకో రెండేళ్లు అప్పుడప్పుడు వచ్చి చూపించుకోమంది. కాంటా ఎక్కినప్పుడు అత్తమ్మ తనే వంగి అంకె చదువుకుంది. చీరలు పాతవే, రవికలన్నీ కుట్లు విప్పించింది.

తర్వాత వచ్చిన ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలును అందరి ముందూ సాక్ష్యంగా చెప్పే సమయంలో అత్తమ్మ లేచి నిలబడింది. మాకెవరికీ ముందు చెప్పలేదు. సాధారణంగా ఆమె చెప్పే సాక్ష్యం రెండు మాటలే, పంట బాగా వచ్చిందనో, ప్రయాణం క్షేమంగా జరిగిందనో.

"నాకు టీబీ వచ్చింది. మా ఆయనకు గూడ వచ్చింది. నెమ్ము అని చెప్పిన గదా, అది నెమ్ము గాదు. నాకు దగ్గు లేకుండె. ఒక్కనాడు పండుకోలే. ఫోటో దీస్తే దొరికింది. మందు మింగిన, పోయింది. దేవునికి స్తోత్రం. దగ్గు లేదని మీరు గూడ ధైర్యంగ ఉండకుండ్రి."

కూర్చుంది. నా పక్కనే కూర్చున్న ఒకామె చాప మీద కొంచెం అవతలికి జరిగింది. నేను చూడనట్టే పాటల పుస్తకం తెరిచాను. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే, అదే మనిషి వచ్చి అత్తమ్మ చెయ్యి పట్టుకుని గోడ వారకు తీసుకెళ్లింది. తలలు దగ్గరపెట్టి చాలాసేపు మాట్లాడుకున్నారు. వాళ్లాయన రాళ్లు కొట్టే పనికి పోతాడు. ఈమధ్య అన్నం సయించడం లేదట.

పాస్టర్ గారే డాక్టరమ్మకు ఫోన్ చేసి, తర్వాతి క్యాంపు చర్చి హాల్లో పెట్టించాడు. హిందువులూ వచ్చారు, అడవి పక్క గూడేల నుంచి కోయవాళ్లూ వచ్చారు. ఆ రాళ్లు కొట్టే ఆయన రానన్నాడు, భార్య తీసుకొచ్చింది. ఆయన బొమ్మలో రంగు పడింది. పరీక్షలో టీబీ అని తేలింది. మందు ఇంటికి పంపితే వారం దాకా ముట్టుకోలేదని, నాకేం రోగం లేదంటున్నాడని తెలిసింది.

ఒక సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి అత్తమ్మ ఇంట్లో లేదు. వాళ్లింటికి ఒక్కతే వెళ్లిందని మామయ్య చెప్పాడు. చీకటి పడకముందే తిరిగొచ్చింది. అక్కడ ఏం మాట్లాడావని అడిగాను. కాళ్లు కడుక్కుని వంటింట్లోకి పోయి, రేపట్నించి మింగుతడట అని మాత్రం అని, పెసరపప్పు పొయ్యి మీద పెట్టింది.